మబ్బుల బొమ్మకు గీతలు పెట్టిన రోజులు

నిన్న పేపరు లోపలి పేజీలో, ఒక పాత వాతావరణ ఉపగ్రహం పని ముగించుకుందని చిన్న వార్త కనిపించింది. మిగిలిన కాస్త ఇంధనంతో దాన్ని ఇంకొంచెం పైకి, తక్కిన ఉపగ్రహాలకు అడ్డం లేకుండా జరిపి ఆపేశారట. టీ చల్లారిపోతోందని అమ్మ పిలుస్తున్నా లేవబుద్ధి కాలేదు. నా మొదటి ఉద్యోగమంతా దాని నీడనే గడిచింది మరి.

వార్తల చివర టీవీలో వచ్చే మబ్బుల బొమ్మ మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నల్లటి సముద్రం, తెల్లటి మబ్బులు, వాటి మీద దేశం ఆకారంలో సన్నటి గీత. ఆ గీత ఆకాశం నుంచి రాదు, కింద ఎవరో ఒకరు పెట్టాలి. రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణం పైనున్న మా చిన్న ఆఫీసులో ఆ ఎవరో ఒకరు నేనే. బొమ్మలు పత్రికలకూ టీవీలకూ వెళ్ళే ముందు గీతను సరిగ్గా కూర్చోబెట్టాలి. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి, లోకంలో అంతకన్నా మంచి ఉద్యోగం ఉండదనుకునేదాన్ని.

ఉపగ్రహానికి అప్పటికే వయసు మీదపడింది. ఇంధనం పొదుపు కోసం దాన్ని నిలకడగా పట్టి ఉంచడం మానేశారు, అందుకని రోజూ మెల్లగా పైకీ కిందికీ ఊగేది, బొమ్మలో దేశం కూడా దానితోపాటే జరిగేది. విసుక్కోకుండా ముందు శ్రీలంకను పట్టుకో, అది కుదిరితే మిగతాదంతా తనే కుదురుతుందని మా సీనియర్ మేడమ్ నేర్పింది. ఇంటికొచ్చి ఆ రోజు మబ్బులు ఎటు పోయాయో డైరీలో రాసుకునేదాన్ని.

అక్క పెళ్ళి విందు మెట్టుగూడలో, మా చర్చి ఆవరణలో. ఆ పొద్దున టీవీ బొమ్మలో హైదరాబాదు మీద పెద్ద మబ్బు కనిపించేసరికి, వంటలు చూసుకుంటున్న మేనమామ బల్లలన్నీ మేడ మీది హాలులోకి మార్చమన్నాడు. అక్క ముఖం వాడిపోయింది. మోకాళ్ళ నొప్పులతో నానమ్మ ఆ మెట్లు ఎక్కే స్థితిలో లేదు, తనను పెంచిన నానమ్మ పక్కన లేకుండా ముద్ద ముట్టనంది అక్క.

నేను టీవీ దగ్గరికి వెళ్ళి చూశాను. సెలవులో ఉన్న నా బదులు ఎవరు పెట్టారో గానీ, శ్రీలంక గీత ద్వీపం మీద లేదు, దానికి కాస్త పైన సగం సముద్రంలో తేలుతోంది. గీత మొత్తం పైకి జరిగిందంటే, బొమ్మలో హైదరాబాదు అనిపిస్తున్న చోటు నిజానికి ఇంకా ఉత్తరాన ఉంది. మబ్బు మన మీద లేదు, నిజామాబాద్ వైపు ఉంది, వరసగా చూపిస్తున్న బొమ్మల్లో ఇంకా పైకే పోతోంది. కానీ ఆ మాట అంతమంది ముందు చెప్పాలి, చెప్పాక వాన పడితే విందంతా నా వల్లే పాడైందంటారు.

"ఏం బేటా, అట్ల నిలబడ్డవేంది? మీ సాటిలైట్ ఏమంటది? జెర జల్ది చెప్పు, వంటోళ్ళు పరేషాన్ అయితున్నరు" అన్నాడు మామయ్య.

"పడదు మామయ్యా. బయటనే పెట్టండి."

"పడితే బిర్యానీ కాదు, అందరం చారు తినాలె."

నానమ్మ కుర్చీలోంచి కదలకుండా, "యాడాదికి రెండు మాటలు మాట్లాడే పిల్ల. అది నోరు తెరిచి చెప్పిందంటే నిజమే. నా కుర్చీ బయటెయ్యుండ్రి" అంది.

అక్క నానమ్మ పక్కన కూర్చుని తింటుండగా ఒక మబ్బు నీడ బల్లల మీదుగా వచ్చింది. అందరూ తలలెత్తి చూసింది ఆకాశం వైపు కాదు, నా వైపు. నీడ ప్రహరీ దాటి పోయాక, మామయ్య వచ్చి నా పళ్ళెంలో పెద్ద ముక్క ఒకటి వేశాడు.

ఇప్పుడు గీతలు కంప్యూటరే పెడుతుందట, నేను వేరే ఉద్యోగంలో ఉన్నాను. మొన్న నేరేడ్‌మెట్‌లో అక్క కొడుకు పుట్టినరోజుకు డాబా మీద కుర్చీలు వేస్తుంటే గాలి లేచింది. అక్క ఫోను వాన వస్తుందంది, మామయ్య ఫోను రాదంది, ఎవరి ఫోనును వాళ్ళు వెనకేసుకొచ్చారు. మాట్లాడే పని తప్పినందుకు ఒకప్పుడైతే సంతోషించేదాన్ని. ఇప్పుడు మాత్రం ఎవరైనా ఇటు తిరుగుతారేమోనని, ఖాళీ కుర్చీ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.