విమానం ఆటా, క్యాన్సిల్ బటనూ

గల్ఫ్‌లో వీసా పోగొట్టుకోవడానికి మనుషులు రకరకాల ఘనకార్యాలు చేస్తారు. దొంగతనం చేస్తారు, గోడ దూకి పారిపోతారు, యజమాని మీద నోరు పారేసుకుంటారు. నేను వీటిలో ఒక్కటీ చెయ్యలేదు. బహ్రెయిన్‌లో ఓ వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని, వెల్లుల్లి ఒలుచుకుంటూ, ఒక్క బొటనవేలితో నా వీసాని నేనే ఊడగొట్టుకోబోయాను. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా మేడమ్‌కి మాత్రం చెప్పకండి, ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

నా పేరు వీరవేణి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇక్కడ బుదైయా అనే ఊళ్ళో ఒక పెద్ద విల్లాలో వంటపనీ ఇంటిపనీ నావే. మా మేడమ్‌కి 'వేణి' నోరు తిరగదు. 'ఫేనీ' అంటుంది. పోనీలే, మిఠాయి పేరే కదా అని ఊరుకున్నాను. ఆవిణ్ణి నేను 'మామా' అని పిలవాలి. ఇక్కడ మామా అంటే అమ్మ, యజమానురాలు. వచ్చిన కొత్తలో మా ఆయనతో ఫోన్లో "మామా నాకు కొత్త నైటీ కొనిచ్చింది" అంటే, "ఏ మామ?" అని ఆయన వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇది చాలా మంచి ఇల్లండీ. ఇంతకుముందు చేసిన ఇంట్లో సామాన్ల గదిలో బియ్యం బస్తాల మధ్య పడుకునేదాన్ని. ఇక్కడ నాకో గది, గదికో కిటికీ, శుక్రవారం సెలవు. మా అమ్మాయి డిగ్రీ ఇంకా పూర్తి కాలేదు. ఈ ఇల్లు పోతే దాని ఫీజు ఎవరు కడతారు? సరిగ్గా ఈ సంగతి జరిగిన నెలలోనే నా వీసా గడువు తీరబోతోంది. రెన్యూ చెయ్యడమా, క్యాన్సిల్ చెయ్యడమా అన్నది మేడమ్ చేతిలో ఉంది.

ఈ క్యాన్సిల్ గురించి మీకు చెప్పాలి. మీకు క్యాన్సిల్ అంటే రైలు టిక్కెట్టు. మాకు క్యాన్సిల్ అంటే వీసా కొట్టేసి, సామాన్ కట్టించి, విమానం ఎక్కించెయ్యడం. అందుకే మాలో ఎవరూ ఆ మాట ఉత్తపుణ్యానికి నోట్లోంచి రానివ్వరు. బస్సు రద్దయినా "బస్సు రాదంట" అంటాం గానీ 'క్యాన్సిల్' అనం.

ఇక నా రోగం సంగతి. ఏ వస్తువు చూసినా అది లోపల ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా నాకు అన్నం సహించదు. చిన్నప్పుడు మా నాన్నగారి రేడియో విప్పాను. బుదైయా వచ్చాక మేడమ్ జ్యూసు మిక్సీ విప్పాను. మళ్ళీ బిగించాక ఒక మర మిగిలింది. అది లేకుండానే మిక్సీ బాగా తిరుగుతోంది కాబట్టి, ఆ మర కంపెనీవాళ్ళు పొరపాటున వేసుంటారని నేను తీర్మానించాను.

మా ఇంటి డ్రైవర్ సాయిలు, జగిత్యాల వైపు కుర్రాడు. ఓ మధ్యాహ్నం మేడమ్ పడుకున్నాక వెనక మెట్ల మీద కూర్చుని ఫోన్లోకి కళ్ళు పెట్టి చూస్తున్నాడు. తొంగి చూశాను. నల్లటి తెర మీద బుల్లి విమానం పైకి పోతోంది. పక్కనే అంకె పెరుగుతోంది. ఒకటి, ఒకటిన్నర, రెండు... టక్కున విమానం మాయం.

"అయ్యో, ఏమైంది తమ్ముడూ?"

"పోయిందక్కా. అది పోకముందే బటన్ వత్తాలె. రెండు కాడ వత్తితే పెట్టిన పైసలు రెండింతలు. వత్తకముందే పోయిందనుకో, అంతా ఖలాస్."

"మరి నొక్కకపోయావా?"

"ఎప్పుడు పోతదో ఎర్కుంటే నేను దుబాయి ఎందుకొస్తనక్కా?"

"ఇది బహ్రెయిన్ కదయ్యా!"

"ఏదైతేంది, అంత దుబాయే."

నాకు డబ్బు మీద ఆశ పుట్టలేదు, ఒట్టు. నా బుర్రలో ఒకటే పురుగు దూరింది. ఆ విమానాన్ని మాయం చేస్తున్నది ఎవరు?

"ఎవరూ చెయ్యరు, అదే పోతది" అన్నాడు సాయిలు.

"అదే ఎలా పోద్ది? ఎక్కడో ఎవడో కూర్చుని స్విచ్చి కట్టేస్తుండాలి."

ఉత్తుత్తి డబ్బులతో ఆడుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. నా ఫోన్లో పెట్టించుకున్నాను. ఉత్తుత్తి ఆటలో నేను మహారాణిని. ఉల్లిపాయలు వేగేలోపు కోటీశ్వరురాలిని అయిపోయేదాన్ని. రెండుసార్లు తొందరగా పోతే మూడోసారి ఎత్తుకి పోతుందని ఓ సిద్ధాంతం కనిపెట్టాను. అది తప్పినప్పుడల్లా సిద్ధాంతానికి చిన్న అతుకు వేశాను. నాలుగు రోజుల్లో నా సిద్ధాంతం అతుకుల బొంతయింది.

"అక్కా, జెర్ర పదిలం. ఇది ఈడ మమ్నూ. తెలిస్తే ఉద్యోగం పోతది" అన్నాడు సాయిలు. మమ్నూ అంటే నిషేధం.

"నేను ఆడట్లేదు, చూస్తున్నాను" అన్నాను. ఆ మాటకి అర్థం ఉందనే అప్పుడు నా నమ్మకం.

అప్పుడు తెర మీద ఒక పసుపు పట్టీ వెలిగింది. సొమ్ము కట్టినవారికి అంతే సొమ్ము బోనస్‌గా ఇస్తారట! నాకు తెలిసిన బోనస్ వేరు. మా నాన్నగారి రైసు మిల్లులో దసరాకి ఇచ్చేవారు. తమలపాకులో పెట్టి రెండు చేతులా ఇచ్చేవారు, నాన్నగారు కళ్ళకద్దుకుని తెచ్చేవారు. బోనస్‌లో మెలిక ఉంటుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండరు. నేనూ అనుకోలేదు. సాయిలుకి తెలిసిన ఒక భాయ్ ద్వారా పది దీనార్లు కట్టించాను. పది కాస్తా ఇరవై అయి కూర్చుంది.

తీసుకుందామని నొక్కితే రాదు. ఇంగ్లీషులో ఏదో వచ్చింది. ఫోన్లో తెలుగు చేసుకుని చదివాను: "ప్రియమైన వినియోగదారు, ఉపసంహరణకు ముందు మీ బోనస్‌ను ముప్ఫై సార్లు తిప్పవలసి ఉంటుంది."

తిప్పాలట. ఇంత తేలికా!

నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను, పడీ పడీ నవ్వకండి. వెల్లుల్లి పళ్ళెం పక్కన పెట్టి, ఫోన్ని రెండు చేతులా పట్టుకుని, దిష్టి తీసినట్టు తిప్పడం మొదలుపెట్టాను. సాయిలు కారు కడిగి వచ్చి గుడ్లప్పగించి నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవక్కా?"

"మాట్లాడించకు. పదకొండయ్యాయి."

"ఏం పదకొండు?"

"తిప్పడం. ముప్ఫై సార్లు తిప్పితే డబ్బులొస్తాయంట."

వాడు నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని చెప్పాడు. "తిప్పుడంటే ఫోన్ కాదక్కా, పైసలు! ఆల్లు ఎంత బోనస్ ఇచ్చిన్రో, దానికి ముప్ఫై అంతల పందెం కాయాలె. గప్పుడు గని తాళం తియ్యరు. గది సుత వారం లోపల."

సిగ్గుపడాల్సింది పోయి నాకు మళ్ళీ పురుగు దూరింది. ఆట నియమాలన్నీ తెలుగు చేసుకుని చదివాను. నా విమానం రహస్యం అక్కడ దొరికింది. స్విచ్చి కట్టేసేవాడెవడూ లేడు! విమానం లేవకముందే అది ఎక్కడ మాయం కావాలో కంప్యూటరు లెక్క తేల్చేస్తుందట. నేను ఊపిరి బిగపట్టి చూస్తున్నదంతా ముందే అయిపోయిన వ్యవహారం. కిందటి ఆటకీ ఈ ఆటకీ చుట్టరికం లేదు. నా బొంత సిద్ధాంతం అప్పుడే చిరిగిపోయింది. ఇంకో సంగతి, ఎవరు ఎక్కడ నొక్కినా, మొత్తం మీద ప్రతి పందెంలోనూ కాస్త కంపెనీకి పోయేలాగే ఆ లెక్క కట్టి ఉంది. నెయ్యిని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ముప్ఫై సార్లు వంచి చూడండి. ఆఖరికి నెయ్యంతా గిన్నెలకి అంటుకునే ఉంటుంది. బోనస్ ఎందుకిస్తారో, ఎందుకు తిప్పమంటారో నాకు అప్పుడు బోధపడింది. భలే కట్టారే అని ఒక్క క్షణం మెచ్చుకున్నాను కూడా.

మెచ్చుకోలు అయ్యాక, నా పది నాకిచ్చెయ్యండి అని అడిగాను. దానికి ముందు నేను నేనేనని రుజువు కావాలన్నారు. సీపీఆర్ కార్డు ఫోటో పంపమన్నారు. సీపీఆర్ అంటే ఇక్కడ మా గుర్తింపు కార్డు, అది లేకపోతే మేం లేనట్టే. బుద్ధిమంతురాలిలా ముందూ వెనకా ఫోటో తీసి పంపాను. మరుక్షణం తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. క్యాన్సిల్?

కింద రెండు బటన్లు. ఒకటి 'ఖాయం'. రెండోది 'క్యాన్సిల్'. అంటే, క్యాన్సిల్ ఖాయమైతే ఇది నొక్కు, క్యాన్సిల్ వద్దనుకుంటే క్యాన్సిల్ నొక్కు! దేన్ని క్యాన్సిల్ చేస్తారో నేను చదవలేదు. ఎలా చదువుతాను? కార్డు పంపాను, క్యాన్సిల్ అన్నారు. నిషిద్ధమైన ఆట. వీసా గడువు తీరే నెల. వెల్లుల్లి ఎక్కడ పడిందో తెలీదు, తోటలోకి పరిగెత్తి, బజారుకెళ్ళిన సాయిలుకి ఫోన్ చేశాను.

"తమ్ముడూ! క్యాన్సిల్ అంటోంది!"

"ఏం క్యాన్సిల్?"

"నన్నే! క్యాన్సిల్ కావాలన్నా క్యాన్సిల్, వద్దన్నా క్యాన్సిల్! క్యాన్సిల్ కొట్టెయ్యమంటావా?"

"పరేషాన్ గాకక్కా, గది బోనస్ క్యాన్సిల్! కొట్టెయ్, నీ పైసలు నీకస్తయ్!"

"కొట్టేస్తే డబ్బులొస్తాయా? అయితే క్యాన్సిలే కొట్టేస్తాను!"

పైన బాల్కనీలో నిద్ర లేచిన మేడమ్ నిలబడి ఉంది. ఆవిడకి తెలుగు ముక్క రాదు. ఒక్క మాట తప్ప.

అరగంటకి నన్ను హాల్లోకి పిలిచింది. సోఫాలో కూర్చోమంది. తనే టీ పోసి ఇచ్చింది. అయిపోయాననుకున్నాను. యజమానురాలు స్వయంగా టీ పోసిందంటే అది వీడ్కోలు టీయే. మా మేడమ్ మాటల్లో సగం అరబ్బీ, పావు హిందీ, మిగతా పావు చేతులు. మీకోసం తెలుగులో పెడుతున్నాను.

"ఫేనీ, క్యాన్సిల్ ఎందుకు?"

ప్రభుత్వం నుంచి కబురు వచ్చేసిందన్నమాట! "నేను అడగలేదు మామా. వాళ్ళే అడిగారు."

"ఎవరు వాళ్ళు?"

"ఫోన్లో వాళ్ళు."

మేడమ్ మొహం ఎర్రబడింది. "నాకు తెలుసు! ఎవరో నిన్ను లాక్కుపోవాలని చూస్తున్నారు. ఎక్కువ ఇస్తామన్నారా?"

"ముందు రెండింతలు ఇస్తామన్నారు మామా. తరవాత ముప్ఫై సార్లు తిప్పమన్నారు."

"ముప్ఫై సార్లు ఏం తిప్పాలి? పిండి మరా?" మేడమ్ లేచి నిలబడింది. "వాళ్ళు మనుషులేనా! నువ్వేమన్నావు?"

"నాది నాకిచ్చెయ్యండి, నేను పోతాను అన్నాను."

"కార్డు ఇచ్చావా వాళ్ళకి?"

"ముందూ వెనకా ఇచ్చాను మామా" అని భోరుమన్నాను.

మేడమ్ కూడా ఏడ్చింది. నన్ను దగ్గరకి తీసుకుంది. ఆవిడ తిట్టడం లేదేమిటో, ఇద్దరం ఎందుకు ఏడుస్తున్నామో నాకు అర్థం కాలేదు. కానీ ఆ ఇల్లు వదిలిపోలేనని ఆ క్షణంలో గట్టిగా తెలిసింది. "నో క్యాన్సిల్ మామా, నన్ను పంపకు మామా" అన్నాను.

"ఎవరు పంపుతున్నారు పిచ్చిదానా? రేపే రెన్యూ చేయిస్తాను" అని మేడమ్ కళ్ళు తుడుచుకుంది. లేచి, పర్సులోంచి ఒక తెల్ల కవరు తీసింది. "ఖలాస్, ఏడవకు. ఇదిగో, ఇది నీకు నా బోనస్."

ఆ మాట చెవిన పడగానే నేను సోఫా మీంచి ఎగిరి గోడకి అతుక్కుపోయాను.

"లా! లా మామా! బోనస్ వద్దు! నీకు దణ్ణం పెడతాను, బోనస్ మాత్రం వద్దు!"

మేడమ్ కవరు ముందుకి చాపిన కొద్దీ నేను వెనక్కి జరిగాను. ఆవిడ నివ్వెరపోయి నన్ను చూసింది. తరవాత కవరు మెల్లగా పర్సులో పెట్టేసి, నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ సాయంత్రమే అక్కచెల్లెళ్ళందరికీ ఫోన్లు చేసింది. మా ఫేనీ బంగారం, ఎవరో రెండింతలు ఇస్తామన్నా పోలేదు, నేను డబ్బిస్తే గోడెక్కింది!

మర్నాడు వీసా రెన్యూ అయింది. ఆ ఆటలో సాయిలు క్యాన్సిల్ కొట్టాడు. బోనస్ పోయింది, దానితో వచ్చింది పోయింది, తీరా నా పది దీనార్లు ఇంత తక్కువైతే పంపం అన్నారు. నా సీపీఆర్ ఫోటో ఇప్పుడు ఏ దేశంలో ఎవరి దగ్గర ఉందో తలుచుకుంటే ఇప్పటికీ దిగులే.

"కవర్ల ఎంతున్నదక్కా?" అని అడిగాడు సాయిలు.

"నెల జీతం అంట. తరవాత మేడమ్ కూతురు చెప్పింది."

"ముప్ఫై సార్లు తిప్పాల్నా?"

"ఒక్కసారి కూడా తిప్పక్కర్లేదంట తమ్ముడూ."

వాడు ఈసారి నవ్వలేదు. తల పట్టుకున్నాడు.

కనుక అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ ఫోన్లో ఏ విమానం ఎగిరినా తలెత్తి చూడను. తిప్పమన్నవాళ్ళ మొహం చూడను. సీపీఆర్ కార్డు దిండు కిందే ఉంటుంది. ముఖ్యంగా, కళ్ళెదుట మనిషి కవరు పట్టుకుని 'బోనస్' అంటే, కిక్కురుమనకుండా రెండు చేతులూ చాపుతాను.

చాపడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. వచ్చిన చిక్కల్లా, ఫేనీకి ఆ మాట గిట్టదని మేడమ్ ఇంటిల్లిపాదికీ చెప్పేసింది. నేను నొచ్చుకుంటానని ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరూ నా ముందు బోనస్ ఊసెత్తరు.