ఎవరి తాలూకండీ?

మాది దెందులూరు. నిరుడు మందు మానేద్దామని నిశ్చయించుకుని, గ్రంథాలయంలో ఆ విషయం మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. మానాలనుకునేవాళ్లు కలుసుకునే సమావేశాల్లో ఇంటిపేరూ ఊరూ చెప్పనక్కర్లేదని ఉంది. ఏలూరులో అయితే అందరూ ఎరిగినవాళ్లేనని తాడేపల్లిగూడెం వెళ్లాను.

కూర్చున్నానో లేదో పక్కనున్న పెద్దాయన మొదలెట్టారు.

"ఏ ఊరండీ?"

"ఇక్కడ చెప్పనక్కర్లేదటండీ."

"చెప్పొద్దులెండి. అత్తారిదే ఊరండీ?"

"పెదపాడండీ" అనేశాను, అలవాటు కొద్దీ.

"ఎవరి తాలూకండీ?"

మామగారి పేరు కూడా నోరు జారింది.

"వాడు మా పెత్తల్లి కొడుకేనండీ! అయితే మీరు నాకు అల్లుడుగారు!"

"మామగారికి తెలిస్తే తలెత్తుకోలేనండీ" అని బతిమాలాను.

"మిమ్మల్ని ఎక్కడ చూశానని చెప్పమంటారండీ?" అని ఆయన నవ్వారు.

మొన్న పెదపాడులో పెళ్లి. బావమరుదులు షామియానా వెనక్కి రమ్మని సైగ చేశారు. నా కాళ్లు అటే కదిలాయి. అంతలో "అల్లుడుగారూ, నా పక్కన విస్తరేశారండీ, రండి!" అని ఆ తాడేపల్లిగూడెం పెద్దాయన కేకేశారు. వెళ్లి కూర్చున్నాను. అల్లుడికి పెద్దలంటే ఎంత మర్యాదో అని అత్తగారు మురిసిపోయారు.

పుస్తకాల మీద నాకిప్పటికీ గౌరవమే. ఆ రోజు నన్ను కాపాడింది మాత్రం చుట్టరికమే.