లీడరు కాయ ఎక్కడ పెడతారండీ?

మా తమ్ముణ్ణి నా ఆట చెడగొట్టిందని అనేవాళ్లు మా బంధువుల్లో ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిలో కనపడితే చాలు, విస్తరి ముందు కూర్చుని, "అప్పట్లో నువ్వు వాడికి రౌడీల ఆట నేర్పావుగా!" అని ఇకిలిస్తారు. వాళ్ల నోళ్లు పడ! ఆ ఇకిలింపు చూస్తే విస్తరి లాగి మొహాన కొట్టాలనిపిస్తుంది. ఇన్నేళ్లూ మర్యాదకి ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

డెబ్బైల మొదట్లో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో, కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. బెజవాడలో కర్ఫ్యూ ఎప్పుడు పెడతారో, ఎప్పుడు తీస్తారో తెలిసేది కాదు. మేము కృష్ణలంకలో అద్దెకుండేవాళ్లం. నాన్నగారు మిషన్ స్కూల్లో మేష్టారు. నాకు బి.ఎ. చివరి ఏడు, తమ్ముడికి మొదటి ఏడు. మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని అష్టాచెమ్మా ఆడీ ఆడీ మొహం మొత్తింది. నాలుగు గవ్వలు వేయడం, కాయ జరపడం, గళ్లు చుట్టొచ్చి మధ్య గడిలో దూరడం. ఒకరోజు నాకు విసుగు పుట్టి, "ఒరే, ఈ కాయ ఊరికే ఎందుకు తిరుగుతోందిరా? దీని నెత్తిన ఏదో మూట ఉంది. ఏముందందులో?" అన్నాను.

"బియ్యం," అన్నాడు వాడు క్షణం ఆలోచించకుండా. "బ్లాకు బియ్యం!"

అంతే, గళ్లు చెరిపేశాను. సుద్దముక్క తీసుకుని గచ్చు మీద చల్లపల్లి నుంచి బెంజ్ సర్కిల్ దాకా రోడ్డు గీశాను. పక్కనే బందరు కాలవ, కాలవలో గడ్డి పడవలు, ఉయ్యూరు దగ్గర చెక్‌పోస్టు. ఒక ముఠా, ఆ ముఠా చేయాల్సిన ఒక పని. పని ఏమిటో నేను చెప్పేదాన్ని. ఆడేవాళ్లు ముఠా మనుషులైపోయి, ఎటు వెళతారో, ఎవరితో ఏం మాట్లాడతారో ఆ మనిషి గొంతుతోనే చెప్పాలి. పోలీసులు, మిల్లు ఓనర్లు, పడవవాళ్లు, పోటీ ముఠా అందరూ నేనే. అనుకున్నది జరిగిందో లేదో గవ్వలు తేల్చేవి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, పని అయినట్టు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎవరో దొరికిపోయినట్టు. అటూ ఇటూ పడితే నేనేదో కొత్త చిక్కు తెచ్చిపెట్టేదాన్ని. ఇలాంటి ఆట లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు. మా వరండాలో మాత్రం నేనే పుట్టించాను.

ఆడేది ముగ్గురు. తమ్ముడి కాయ సోడా మూత. వాడితో చదివే పక్కింటి కుర్రాడిది చొక్కా గుండీ. మూడో మనిషి ఇంటివాళ్ల పిన్నిగారు, అంటే మేము అద్దెకున్న ఇంటి ఓనరుగారి భార్య. ఆవిడ కాయ వక్క. ఆట మధ్యలో నమిలేస్తుందేమోనని మాకు భయం. యాభై దాటిన మనిషి, పూజలూ మడీ అన్నీ ఉన్న మనిషి, ఆ ఆటలో ఆవిడంత దొంగ ఇంకోళ్లు లేరు. ఒకసారి బియ్యాన్ని కూచిపూడి భాగవతుల పెట్టెల్లో సర్దించి, మేళంతో పాటు వ్యానెక్కించింది. చెక్‌పోస్టు దగ్గర నేను కానిస్టేబుల్నై పెట్టె తెరవమన్నాను.

"తెరు నాయనా, తెరు! అమ్మవారి కిరీటం ఉందందులో. స్నానం చేసే వచ్చావుగా?" అంది కళ్లార్పకుండా.

నాకు నవ్వాగలేదు. గవ్వలు వేయకుండానే వ్యాను వదిలేశాను.

ఆ ఆటలో నేను పెట్టిన నియమం ఒకటుంది. పని ఏదైనా సరే, లీడరు కాయ కూడా మిగతా కాయలతో పాటు రోడ్డు మీదే ఉండాలి. అష్టా పడితే ఆయన మీదా పడాలి. పక్కింటి కుర్రాడు దీనికి ఒప్పుకునేవాడు కాదు.

"లీడరెక్కడన్నా తనే వెళ్తాడా అక్కా? మనుషుల్ని పంపుతాడుగానీ!"

"నా ఆటలో వెళ్తాడు. వెళ్లనోడు లీడరు కాదు. ఇష్టముంటే ఆడు, లేకపోతే ఇంటికి పో!" అన్నాను.

తమ్ముడు నా వైపు. లీడరు వంతు వచ్చినప్పుడల్లా వాడు సోడా మూతని అందరికన్నా ముందు పెట్టేవాడు. గుండీ దొరికిపోతే తను కూడా ఆగిపోయేవాడు. "మనోణ్ణి వదిలేసి పోతామా?" అనేవాడు. పిచ్చి వెధవ. ఆ గుణం వాడికి నా ఆట నేర్పిందంటే, నేర్పింది మరి, దానికి నేనేం సిగ్గుపడను!

కాలేజీలు తెరిచారు. నేను పరీక్షలు రాసి, టైపు నేర్చుకుని, ఒక ఆఫీసులో చేరాను. తమ్ముడు చివరి ఏడుకొచ్చేసరికి వాడి నోట ఒక పెద్దమనిషి పేరు పదేపదే వినపడటం మొదలైంది. ఆ పేరు ఇక్కడ రాయను. కాలవ గట్టున కలప అడితి ఉండేది ఆయనకి. అడితి పైకి. లోపల కాలేజీ ఎలక్షన్లు, లారీల తగువులు, ఖాళీ చేయించాల్సిన ఇళ్లు, అన్నీ ఆయనవే. మా చర్చికి ఫ్యాన్లు ఇచ్చాడు కూడా. ఆ ఫ్యాన్ల కింద కూర్చుని మా పెద్దలు ఆయన కోసం ప్రార్థన చేసేవాళ్లు.

"అక్కా, ఆయన అచ్చం మన ఆటలో లీడరే. తమ్ముడూ అని పిలుస్తాడు. మీ ముందు నేనుంటానురా అంటాడు," అన్నాడు వాడు ఒకరోజు, కళ్లు మెరిసిపోతూ.

"అంటాడు. నీ మొహం! ఎప్పుడన్నా ఉండగా చూశావా?" అన్నాను.

వాడికి కోపం వచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎలక్షన్ రోజున అవతలి ప్యానెల్ కుర్రాళ్లు బస్టాండులో దిగుతున్నారనీ, వాళ్లని కాలేజీ దాకా రానివ్వకూడదనీ ఆయన తమ్ముణ్ణీ వాడి స్నేహితుల్నీ పంపాడు. "మీరు నడవండ్రా, నేను వెనకాలే జీపులో వస్తున్నా," అన్నాడట. పట్టపగలు. వీళ్లు కొద్దిమంది, వాళ్లు బస్సు నిండా. సైకిలు చెయిన్లు, హాకీ కర్రలు. వీడితో వెళ్లినవాళ్లంతా పారిపోయారు. వీడొక్కడూ నిలబడ్డాడు. కుడి మోకాలి చిప్ప పగిలిపోయింది.

ఆస్పత్రిలో వాడి మంచం పక్కన కూర్చుని ఏడుస్తూ తిట్టాను. "పరిగెత్తడానికి ఏం రోగంరా నీకు? అందరూ పోయాక ఎవరి కోసం నిలబడ్డావు?"

"జీపు వస్తదనుకున్నానక్కా," అన్నాడు.

ఆ మాటతో నాకు ఒళ్లంతా మండిపోయింది. వాడి మీద కాదు. బెజవాడ మొత్తం తిరిగి ఆ జీపెక్కడుందో వెతికి తగలబెట్టాలన్నంత మంట.

ఇక మా పెద్దలు చేసిందేమిటో వినండి. తప్పెవరిదని విచారణ పెట్టారు, మా ఇంట్లోనే, మా కాఫీ తాగుతూ. పెదనాన్నగారు తీర్పు చెప్పారు. "ఆడపిల్ల కూర్చోబెట్టి దొంగతనాలు నేర్పితే వాడు మాత్రం ఏం చేస్తాడు?" చర్చిలో సాతాను ఆటల నుంచి యువతని కాపాడమని ప్రార్థన కూడా జరిగింది, ఆ ఫ్యాన్ల కిందే! నాన్నగారు నా గవ్వలు తీసుకెళ్లి కాలవలో పడేశారు. జీపు మాట ఒక్కడెత్తలేదు. కలప అడితి వైపు ఒక్క వేలు లేవలేదు. సిగ్గులేని జనం!

వాడు ఇంటికొచ్చాడు. కొన్ని నెలలకి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు, మోకాలు మాత్రం వంగేది కాదు. అప్పుడొచ్చాడా మహానుభావుడు. ఆదివారం చర్చి నుంచి మేము తిరిగొచ్చేసరికి గేటు ముందు జీపు ఉంది. అదే జీపు. వరండాలో ఆయన, ఆయన పక్కన బుట్ట నిండా బత్తాయిలు. నాన్నగారు కండువాతో కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టారు.

"మేష్టారూ, మీవాడు పులండీ! అలాంటోడు నా పక్కనుండాలి," అన్నాడు ఆయన. తర్వాత మా వాడి వైపు తిరిగాడు. "తమ్ముడూ, చల్లపల్లి అవతల రేవు పాట ఉంది వచ్చే వారం. నువ్వు కొట్టక్కర్లా. నువ్వు నిలబడితే చాలు, కుర్రాళ్లకి ధైర్యం."

రేవు పాట అంటే ఏరు దాటించే పడవల హక్కుకి ఏటా వేసే వేలం. పోటీదార్లని పాట దగ్గరికి రానివ్వకుండా కరకట్ట మీద ఆపాలి, అదీ ఆయన పని. నేను తమ్ముడి మొహం చూశాను. ఇన్ని నెలలూ గోడకేసి చూస్తూ కూర్చున్నవాడి కళ్లల్లో మళ్లీ ఆ మెరుపు. ఒక మోకాలు ఇచ్చొచ్చాడు, రెండోది కూడా ఇవ్వడానికి లేస్తున్నాడు. నాన్నగారు నోరెత్తరు. అమ్మ కాఫీ కలుపుతోంది.

లోపలికెళ్లి సుద్దముక్క తెచ్చాను. అందరి ముందూ గచ్చు మీద కూర్చుని ఏరు గీశాను, కరకట్ట గీశాను, రేవు గీశాను. బెజవాడ రోడ్డు లాగి చివర బెంజ్ సర్కిల్ దగ్గర సున్నా చుట్టాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాడాయన.

"ఆటండీ. మా వాణ్ణి చెడగొట్టిందంటారే, అదే. మీ పని ఒక్కసారి ఆడి చూద్దాం. వీడు వచ్చేదీ రానిదీ తర్వాత."

నాన్నగారు "నువ్వు లోపలికి పో!" అని గద్దించారు. ఆయనే వారించాడు. "ఉండనివ్వండి మేష్టారూ, సరదాగా ఉంది." తన తెలివి చూపించుకోవాలని ఎవడికుండదు! ఆటంటే నోటికి తాళం ఉండదు కూడా. అప్పటికే పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నాన్నగారు గవ్వలు పారేసినప్పుడు తమ్ముడి సోడా మూత మాత్రం దాచిపెట్టుకున్నాను. దాన్ని కరకట్ట మీద పెట్టాను. "ఇది మా వాడు. అవతలివాళ్లు ఎంతమందొస్తారండీ?"

"ఓ ముప్పైమంది."

"మనవాళ్లు?"

"నలుగురైదుగురు చాలు. గోలయితే చాలమ్మా, ఈలోపు పాట అయిపోద్ది."

"మరి లీడరు కాయ ఎక్కడ పెడతారండీ?"

ఆయన నవ్వుతూ జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. కుర్చీలోంచి వంగి బెంజ్ సర్కిల్ సున్నా మధ్యలో పెట్టాడు.

"ఇక్కడ. హోటల్లో నలుగురు పెద్దమనుషుల మధ్య టిఫిన్ చేస్తా ఉంటా. రేపు కేసయితే నేనక్కడ లేనని చెప్పేవాళ్లుండాలిగా!"

"అక్కడ కొట్లాట పెద్దదైతే?"

"అయితే అవుద్ది. కుర్రాళ్లు కదా. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంటారు. పళ్లు పట్టుకెళ్లి చూసొస్తాం," అన్నాడు.

గవ్వలు లేవు. అవసరం కూడా రాలేదు. తమ్ముడు అగ్గిపెట్టె వైపు చూశాడు, సోడా మూత వైపు చూశాడు, తర్వాత బత్తాయిల బుట్ట వైపు చూశాడు.

"ఆ రోజు జీపు ఎక్కడుందండీ?" అని అడిగాడు.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆటకీ నిజానికీ ముడిపెడతావేంటి తమ్ముడూ," అంటూ అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నాడు. మా వాడు కర్ర పక్కన పెట్టి, వంగని కాలు చాపి, గోడ పట్టుకుని గచ్చు మీద కూర్చున్నాడు. నేను సాయం పట్టబోతే చేయి విదిలించాడు. కరకట్ట మీది సోడా మూత తీసుకుని పిడికిట్లో పెట్టుకున్నాడు.

"నేను రానండీ," అన్నాడు.

ఆయన కాఫీ తాగకుండానే లేచాడు. గుమ్మంలోంచి పిన్నిగారు, వినపడాలనే, "మా ఆటలో ఇలాంటోణ్ణి మొదటి పనిలోనే సాగనంపేవాళ్లం!" అంది. నాన్నగారు గేటు దాకా పరిగెత్తారు. పిల్లకి బుద్ధి లేదనీ, మనసులో పెట్టుకోవద్దనీ జీపు కదిలేదాకా చేతులు జోడించి నిలబడ్డారు. వెనక్కి వస్తూనే చేయెత్తి నా మీదికొచ్చారు.

"ఇంటికొచ్చిన పెద్దమనిషిని అవమానిస్తావా? చర్చికి ఫ్యాన్లిచ్చిన మనిషిని!"

తమ్ముడు ఇంకా గచ్చు మీదే ఉన్నాడు. కింద నుంచే అన్నాడు.

"విరిగింది నా కాలండీ, నాన్నగారూ."

నాన్నగారి చేయి దిగిపోయింది. కండువాతో తుడిచిన ఆ కుర్చీలోనే కూలబడి, చాలాసేపు వాడి కాలు చూస్తూ ఉండిపోయారు.