తమ్ముడి చేలో చల్లిన యూరియా

అందరూ ఆయన్ని యూరియా పెద్దాయన అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. పక్కవాడి వరి తన వరికన్నా పిసరంత పచ్చగా కనిపిస్తే చాలు, ఆయనకు ముద్ద దిగేది కాదు. తెల్లారేసరికి యూరియా తట్ట చంకనెత్తుకుని చేలో ఉండేవాడు. పైరు నల్లపచ్చగా లేస్తే మీసం మెలేసేవాడు.

గట్టుకు అవతల చేను తమ్ముడిది. తల్లి పోయాక ఈయన చేతుల మీదే పెరిగినవాడు. ఒక ఏడు ఆ తమ్ముడు ఎక్కడినుంచో రంగుల ప్లాస్టిక్ పట్టీ తెచ్చాడు. వరి ఆకును దానికి ఆనించి చూడాలట, గుర్తు పెట్టిన రంగుకన్నా ఆకు లేతగా ఉంటేనే యూరియా వెయ్యాలట. సగం యూరియాతో పండించి చూపిస్తానని పదిమందిలో అనేశాడు. అందరూ నవ్వారు. గట్టిగా నవ్వింది మాత్రం అన్నగారే.

నవ్వడమైతే నవ్వాడు గానీ, లేతగా ఉన్న ఆ చేను చూసినప్పుడల్లా గట్టు మీదే ఆగిపోయేవాడు. పిచ్చి సన్నాసి, నలుగురిలో తల దించుకుంటాడే అనుకున్నాడు. తమ్ముడు అత్తవారింటికి వెళ్లిన రోజు చూసి, ఆ చేలో రెండు బస్తాలు చల్లేశాడు. వాడి చేను సంగతి వాడికి తెలీదా అని భార్య గొణిగితే నోరు మూయించాడు.

వారం తిరక్కుండా చేను నల్లగా కమ్ముకొచ్చింది. ఏమీ వెయ్యకుండానే ఇంత పచ్చదనమా అని తమ్ముడు మురిసిపోయాడు. తర్వాత మెత్తబడ్డ దుబ్బుల్లో సుడిదోమ పడి కొంత పైరు ఎండింది. గింజ పాలు పోసుకునే వేళ గాలి కొడితే, మిగిలిన పైరంతా నేలకొరిగింది. బస్తా అయిపోయి యూరియా అందని మూల మాత్రం నిటారుగా నిలబడింది. గట్టు చాటున ఉంది కాబట్టి బతికిందన్నాడు తమ్ముడు. ఎందుకు బతికిందో పెద్దాయనకు తెలుసు.

తమ్ముడు గట్టు మీద కూర్చుని పట్టీని రెండు ముక్కలు చేశాడు. "నువ్వు నవ్విందే నిజం అన్నయ్యా. యూరియా తగ్గించబట్టే పైరుకు బలం చాల్లేదు. నేనే పెద్ద పోటుగాణ్ణనుకున్నాను."

అప్పుడే చెప్పెయ్యాల్సింది. "పోనీలేరా" అని ఊరుకున్నాడు.

ఇప్పుడు పెద్దాయన సగం యూరియాతోనే పండిస్తున్నాడు. గాలి వచ్చినా ఆయన చేను పడదు. అవతల తమ్ముడు తట్టలకు తట్టలు చల్లుతున్నాడు, ఏడాది విడిచి ఏడాది పడిపోయిన వరి కోసుకుంటున్నాడు. తన పాపం ఆ చేలో మళ్లీ మళ్లీ పండుతుంటే, చూస్తూ బతకాల్సి వస్తోంది పెద్దాయనకు.

మొన్న తమ్ముడు గట్టు దగ్గర ఆగాడు. "నీ చేను మరీ లేతగా ఉందే అన్నయ్యా. ఓపిక లేకపోతే చెప్పు, నేను చల్లిపెడతాను."

"వద్దురా" అన్నాడు పెద్దాయన. ఆ రెండు బస్తాల సంగతి ఈసారీ దాచుకుని గట్టు దిగిపోయాడు.