బాపు మెయిన్ ఆపిన ఆదివారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఆదివారం అది నెత్తికెక్కింది.

జనగామలోని ఒక కాలేజీకి లైనక్స్ సర్వర్ ఉండేది. పిల్లల మార్కులు, హాజరు అన్నీ అందులోనే. దాన్ని బ్రౌజర్‌లోంచి నడిపే ప్యానెల్ పాతబడిపోయింది. కొత్త వెర్షన్ ఎక్కించి చూపిస్తే, ఇక భూపాలపల్లిలోని మా ఇంట్లో కూర్చునే ఆ సర్వర్ చూసుకునే ఉద్యోగం చేసుకోవచ్చని ప్రిన్సిపాల్ అన్నారు. లేకుంటే ఉద్యోగం కోసం నాకు పట్నం, హాస్టల్ తప్పవు. హాస్టల్ మాట వచ్చినప్పుడల్లా బాపు, అంటే మా నాన్న, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు.

బాపు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. ఆ రోజు సెలవు కాబట్టి కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. నేను ఇంటి నుంచే ఆ సర్వర్‌లోకి వెళ్లి, బ్యాకప్ తీసుకుని, నల్ల తెర మీద కమాండ్ కొట్టగానే అక్షరాలు బిరబిరా పరిగెత్తాయి.

"గిది ఏమంటున్నది బిడ్డా?"

"పాతది తీసి కొత్తది పెడుతున్న అంటున్నది. జర చూస్తుండు బాపూ, చాయ్ పెట్టుకొస్త. ఏం ముట్టకు."

పాపం, ముట్టలేదు. నేను వంటింట్లో ఉండగా ప్యానెల్ ఆగి మళ్లీ మొదలైంది. బ్రౌజర్‌లో ఎర్రటి హెచ్చరిక వచ్చింది. సైటు అసలుదేనని చెప్పే కొత్త సర్టిఫికెట్‌ను బ్రౌజర్ ఇంకా నమ్మలేదు, అంతే. మాకది మామూలే. గనిలో బతికిన మనిషికి మాత్రం ఎరుపంటే ప్రమాదం. బాపు పరుగున వెళ్లి ఇంటి మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఫ్యాను ఆగింది, రూటర్ ఆరిపోయింది, పని సగంలో ఉండగా సర్వర్‌తో కనెక్షన్ తెగింది.

"బాపూ! కొంప ముంచినవ్ గద!"

"ఎర్రగయింది బిడ్డా. ఎరుపు కనబడితే ముందు కరెంటు బంద్ చెయ్యాలె, తర్వాతనే ఏందని అడగాలె."

"గిది బొగ్గుబాయి కాదు!" అని గొంతు చించుకున్నాను.

బాపు గోడకానుకుని నిలబడ్డాడు. "నా చేతులతోటి నేనే నిన్ను పట్నం తోల్తున్ననా?" అన్నాడు. ఆ మాటతో నా కోపమంతా దిగిపోయింది. నాకు కూడా వెళ్లాలని లేదు.

ఫోన్ డేటాతో మళ్లీ సర్వర్‌లోకి వెళ్లాను. సగం ఎక్కిన భాగాలు మొరాయించాయి. ఆగిన చోటి నుంచి పూర్తి చేయమని కమాండ్ ఇచ్చాను. ఒక్కొక్కటే దారికొచ్చాయి. సర్టిఫికెట్ కూడా సరిచేశాక ఎర్ర తెర పోయి కొత్త ప్యానెల్ చక్కగా తెరుచుకుంది. అప్పుడే ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు.

"నడుమ పేజీ పోయిందేందమ్మా?"

కరెంటు పోయిందందామని నోరు తెరిచానో లేదో, బాపు ఫోన్ లాక్కున్నాడు.

"సార్, మెయిన్ నేనే బంద్ చేసిన. తప్పు నాది. పిల్లనే మల్ల లేపింది. తిడితే నన్ను తిట్టుర్రి."

అవతల పెద్ద నవ్వు. "తిట్టుడెందుకన్నా? ఆగిపోతే లేపెటోళ్లే మాకు కావాలె. రేపటి సంది పని మీ బిడ్డదే. మీరు మాత్రం మెయిన్ కాడికి పోకుర్రి!"

నేను ఎగిరి గంతేశాను. బాపు చెప్పులైనా వేసుకోకుండా బయటికి ఉరికి, క్వార్టర్ల వరుసంతా వినబడేలా కేకేశాడు. పక్కింటామె తలుపు తీసి, "ఏం నౌకరి దొరికిందన్నా?" అని అడిగింది.

"గదంతా నాకు తెల్వది చెల్లే! బిడ్డ ఇంట్లనే ఉంటది!"