గద్దె మీద సున్నాలు

ఏప్రిల్ మొదటి వారంలో, మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసే ల్యాబులో కూలర్‌కు కొత్త గడ్డి పెట్టించి, నీళ్లు నింపి స్విచ్ వేశాను. మొదట దుమ్ము వాసన కొట్టింది. రెండు నిమిషాల తర్వాత తడిసిన గడ్డి వాసన వచ్చింది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాను. నల్లగొండలో సుభద్ర మేడం గది ఎండాకాలమంతా ఇదే వాసన వేసేది.

ఆమె గురించి మీకు తెలిసి ఉండదు. పేపర్లలో ఫొటో పడిన మనిషి కాదు. దేవరకొండ దగ్గరి ఒక నేత కుటుంబంలో పుట్టి, నల్లగొండలో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భార్యాభర్తలు, అత్తాకోడళ్లు, అన్నదమ్ములు గొడవపడి మాటలు మానేశాక మళ్లీ ఎలా మాట్లాడుకుంటారు అన్నదే ఆమె ఉద్యోగమంతా చేసిన పరిశోధన. "లొల్లి ఎందుకైతదో అందరు రాసిన్రు. మల్ల మాటెట్ల కలుస్తదో ఎవ్వరు రాయలే" అనేవారు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను పీహెచ్‌డీలో చేరాను. నాది ఎలక్ట్రానిక్స్. అంశం మాత్రం మూడు శాఖలకు సంబంధించింది: చిన్న పట్నాల్లో మనుషులు ఎక్కడ కూర్చుంటారో సెన్సర్లతో కొలవాలి, ఆ కూర్చోవడం వాళ్ల మధ్య సంబంధాలను ఏం చేస్తుందో చూడాలి, దాన్నిబట్టి వీధి ఎలా కట్టాలో చెప్పాలి. రెండో పనికి సుభద్ర మేడం, మూడోదానికి పట్టణ నిర్మాణం బోధించే నరేందర్ సార్ నాకు దారి చూపాలి.

మొదటిసారి ఆమెను కలవడానికి వెళ్లినప్పుడు నా జేబులో పద్నాలుగు ప్రశ్నల జాబితా ఉంది. కొన్నింటికి ఎ, బి, సి అని ఉపప్రశ్నలు కూడా రాసుకున్నాను. తీరా చూస్తే ఆమె బల్లకు అవతలి వైపు కుర్చీ లేదు. రెండు కుర్చీలూ ఒకే వైపు, కిటికీకి ఎదురుగా ఉన్నాయి. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయాను.

"కూసో శ్రీకాంత్. పక్కకే కూసో, నేనేం కరువ" అన్నారు.

ఇద్దరం కిటికీలోంచి సైకిల్ స్టాండు చూస్తూ కూర్చున్నాం. నేను మొదటి ప్రశ్న చదవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"గవి తర్వాత సూద్దాం. ముందు నువ్వు చెప్పు. మీ అమ్మకు బాపుకు లొల్లైతే ఎవరు ముందు మాట్లాడ్తరు?"

"అమ్మనే మేడం."

"యాడ?"

"యాడంటే... ఇంట్లనే."

"ఇంట్ల యాడ? వంటింట్లనా, వాకిట్లనా? నువ్వు ఇంజనీరువు గద, జాగ చెప్పు."

ఆలోచించాను. అమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తూ కూర్చునేది. బాపు వచ్చి పక్కన కూర్చుని తనూ ఒలిచేవాడు. ఇద్దరూ చేటలోకే చూసేవాళ్లు. ఏ అరగంటకో ఒకరి నోట్లోంచి ఒక మాట వచ్చేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నా, దాన్ని నేనెప్పుడూ ఒక విషయంగా గమనించలేదు. ఆమెకు చెప్పాను.

"సూసినవా, పల్లికాయ చేసిన పని! ఎదురుంగ కూసుంటే ఒకరి మొకం చూసి ఒకరికి కోపమొస్తది. పక్కన కూసుంటే చేతులకు పని దొరుకుతది, నోరు దానంతటదే తెరుసుకుంటది" అని నవ్వారు. ఆ రోజు నా పద్నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. బయటికి వచ్చాక జాబితా మడిచి పర్సులో పెట్టుకుని, వెనకవైపు 'జాగ' అని ఒక్క మాట రాసుకున్నాను.

మా పరిశోధనకు జిల్లాలోనే ఒక చిన్న పట్నంలో నేతకార్ల వాడను ఎంచుకున్నాం. అక్కడ ఇళ్లు చిన్నవి. ముందుగదిలో సగం మగ్గమే ఉంటుంది. వెనకగదిలోనే వంట, పడక, పిల్లల చదువు. ఇద్దరు మనుషులు ఒక మాట గుట్టుగా చెప్పుకోవడానికి జాగా ఉండదు. వాడ చివర కానుగచెట్టు కింద ఒక పాత సిమెంటు గద్దె ఉంది. మధ్యాహ్నం పని తెమిలాక ఆడవాళ్లు రాట్నాలు తెచ్చుకుని, అక్కడ పక్కపక్కన కూర్చుని కండెలకు నూలు చుడతారని, ఇంట్లో మాటలు లేని అత్తాకోడళ్లు కూడా అక్కడ మాట్లాడుకుంటారని వాళ్లు మేడంకు చెప్పారు. రెండేళ్లు సాయంత్రాల్లో వాళ్ల ఇళ్లకు వెళ్లి ఆమె ఇవన్నీ నోటుబుక్కుల్లో రాసుకున్నారు. గద్దె దగ్గరికి మాత్రం మధ్యాహ్నం ఎన్నడూ వెళ్లలేదు.

"నేను పోయి కూసుంటే వాళ్లు ముచ్చట బంద్ చేస్తరు. నీ డబ్బలకు చెవుల్లేవు గద. ఎవరన్న ఉన్నరా, ఎంతసేపు ఉన్నరు, గది చెప్తే సాలు. ఏం మాట్లాడుకున్నరో మనకొద్దు" అన్నారు.

అదే సమయంలో మున్సిపాలిటీ ఆ వాడకు కొత్త రోడ్డు, మురుగునీళ్లు పోవడానికి మోరీ వేయాలని అనుకుంటోంది. ఆటోలు ఆపడానికి జాగా లేదు కాబట్టి గద్దె తీసేద్దామన్న మాట వచ్చింది. సలహా ఇవ్వమని నరేందర్ సార్‌ను అడిగారు. "ముచ్చట్లు పట్టుకపోతే ఇంజనీరు నవ్వుతడు. ఎంతమంది వాడుతున్నరో నాకు పట్టిక ఇయ్యుండ్రి. వాడుతుంటే ఉంచుదాం, లేకుంటే తీసేద్దాం" అన్నారాయన. అది న్యాయమైన మాటే. ఆ పట్టిక తయారుచేసే పని నాది.

అరచేతిలో పట్టే ఆరు డబ్బాలు చేశాను. లోపల మనిషి ఒంటి వేడిని పట్టే సెన్సర్ ఉంటుంది. ఎదురుగా ఎవరైనా ఉంటే చిన్న ఎర్రదీపం వెలుగుతుంది, ఆ సమయం నమోదవుతుంది. గోడ వేడి ఎంతుందో కూడా పక్క గడిలో నమోదయ్యేలా పెట్టాను. చిప్పులో ఆ వీలు ఉంది కాబట్టి పెట్టానే తప్ప వేరే ఆలోచన లేదు. జనవరిలో ల్యాబులో అన్నిటినీ పరీక్షించాను. ఏప్రిల్ నడిమిలో ఒకదాన్ని గద్దె వెనక గోడకు, మిగతావాటిని వాడలో వేరే చోట్ల బిగించి, మే నెలలో గద్దె పట్టిక తీశాను. పొద్దున మనుషులున్నారు, సాయంత్రం ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వరసగా సున్నాలు.

నరేందర్ సార్‌కు నచ్చింది. "మంచిగ క్లియర్‌గ ఉన్నది" అని గద్దె ఉన్నచోట ఆటోల జాగా గీసి మున్సిపాలిటీకి పంపారు. మేడం మాత్రం ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

"ఒక్కరన్న లేరా?"

"లేరు మేడం."

"డబ్బలు మంచిగనే పని చేస్తున్నయా?"

"ల్యాబుల వంద సార్లు చూసిన మేడం."

తలూపి, కాగితం మడిచి పక్కన పెట్టారు. వారం తర్వాత చూస్తే ఆమె నోటుబుక్కులు బల్ల మీద లేవు, బీరువా పైకి ఎక్కాయి. మెషీను ముందు నోటిమాట నిలవలేదని లోలోపల కాస్త గర్వపడ్డాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

థీసిస్ కోసం గ్రాఫు గీస్తున్న రోజు గోడ వేడి ఉన్న గడిని, మనుషుల గడిని పక్కపక్కన పెట్టాను. గోడ వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరపడగానే సున్నాలు మొదలవుతున్నాయి. గోడ చల్లబడగానే మనుషులు 'వస్తున్నారు'. ఒక్క రోజు మాత్రం తీరు వేరుగా ఉంది. ఆ రోజు ఒంటిగంటకు అకాల వాన పడి గోడ చల్లబడింది. రెండు గంటలకు గద్దె మీద మనుషులున్నారు. సంగతి నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ఆ సెన్సర్ వేడిలో తేడాను చూస్తుంది. గోడా మనిషీ ఒకే వేడిలో ఉంటే దానికి రెండూ ఒకటే. జనవరి చలిలో పరీక్షించినవాడికి ఇది తట్టలేదు.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడే ఒక కాగితం మీద రాసుకున్నాను. సెమినార్‌లో చెప్పేశాను, మెచ్చుకున్నారు. అధ్యాయం టైపు అయిపోయింది. నరేందర్ సార్ ప్లాను వెళ్లిపోయింది. థీసిస్ ఏడాది వెనక్కి పోతుంది. చదువుకుంటే అన్నీ నా గురించే. సోమవారం మున్సిపాలిటీలో ప్లాను ఖాయం చేసే సమావేశం. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఉండబట్టలేక బండి తీసి ఆ వాడకు వెళ్లాను.

గద్దె మీద ఏడుగురు ఆడవాళ్లున్నారు. రాట్నాలు తిరుగుతున్నాయి. వాళ్ల తలల మీదుగా గోడకు నా డబ్బా ఉంది, దీపం వెలగడం లేదు. చివర కూర్చున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. ఆమె పేరు యాదమ్మ అని తర్వాత తెలిసింది.

"ఎవరు బిడ్డా, కరెంటోనివా?"

"కాదవ్వా. గా డబ్బ పెట్టింది నేనే."

"అది దేనికి?"

"ఎవరన్న కూసుంటే గుర్తుపడ్తదవ్వా."

"మరి పట్టిందా మమ్ముల?"

"లేదు. గీ ఎండల మీరు దానికి కనబడ్తలేరు."

యాదమ్మ మిగతావాళ్ల వైపు తిరిగింది. "ఇన్నరానే! గీ డబ్బ అచ్చం మా ముసలోని లెక్కనే ఉన్నది. పొద్దుందాక వాని ముంగటనే తిరుగుత, నేనున్నట్టే తెల్వదు వానికి!"

అందరూ పగలబడి నవ్వారు. ఆమె పక్కనే కూర్చున్న ముప్ఫయ్యేళ్ల మనిషి మాత్రం నవ్వలేదు. రాట్నం ఆపకుండానే అడిగింది.

"సారూ, గద్దె తీసేస్తమని మొన్న కొలతలు పట్టుకపోయిన్రు. ఇక్కడ ఎవ్వరు కూసుంటలేరని కాయితం వచ్చిందన్నరు. గది నీ డబ్బ చెప్పిందా?"

"నేను చెప్పినక్కా."

 యాదమ్మ చేత్తో ఆమెను చూపిస్తూ అంది: "గీమె నా కోడలు రజిత. ఇంట్ల మాకు మాటల్లేవు. నాలుగు గోడల నడుమ నేనొకటంటే గామె రెండంటది, నా కొడుకు మగ్గం ఇడిశిపెట్టి బజార్ల వడ్తడు. గీడ కూసుంటేనే ఏదన్న అడుగుత, గామె చెప్తది. గిది గూడ తీసేస్తే ఇగ మేం మూగోళ్లమే బిడ్డా."

రజిత అత్త వైపు చూడలేదు. నూలు తెగితే యాదమ్మ చేయి చాపి కొస అందించింది, కోడలు అందుకుని ముడివేసింది.

అక్కడి నుంచి నేరుగా మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె పక్క కుర్చీలో కూర్చుని, కిటికీకి చెబుతున్నట్టుగా అంతా చెప్పేశాను: సెన్సర్, గోడ వేడి, వాన పడ్డ రోజు, నాలుగు రోజులు దాచడం, యాదమ్మ.  తిట్టినా, ఇక రావద్దన్నా పడదామనే అనుకున్నాను.

"హమ్మయ్య" అన్నారు.

పొరపాటుగా విన్నానేమో అని తిరిగి చూశాను. కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు.

"వాళ్లు నాకు అబద్ధం చెప్పిన్రనుకున్న శ్రీకాంత్. రెండేండ్లు నా ముంగట కూసోని కతలు చెప్పిన్రనుకున్న. గా బుక్కులు జర కిందికి తియ్యి."

స్టూలు ఎక్కి బీరువా మీది నోటుబుక్కులు దించాను. తెరిస్తే పేజీల మీద అడ్డంగా ఎర్ర పెన్సిలు గీతలు. గద్దె మాట వచ్చిన ప్రతిచోటా కొట్టేసి ఉంది.

"నువ్వు డబ్బను నమ్మినవు, అది నీ చదువు. మనుషులను నమ్ముడు నా చదువు గద? మరి నేనెందుకు నమ్మిన డబ్బను? యాదమ్మ చేతి చాయ్ తాగొచ్చి యాదమ్మ మాట కొట్టేసిన."

నా సున్నాలు ఒక గద్దెను మాత్రమే తీసేస్తాయనుకున్నాను. ముప్ఫయ్యేళ్లుగా మనుషుల మాటలు విన్న ఒక మనిషికి వాళ్ల మీద నమ్మకం పోయేలా చేశాయని అప్పుడు తెలిసింది. ఆమె రబ్బరు వెతికి తీసి, ఎర్ర గీతలు చెరపడం మొదలుపెట్టారు. ఇంకో రబ్బరు నా వైపు జరిపారు. ఇద్దరం చెరుపుతూ కూర్చున్నాం.

"సోమారం నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త మేడం."

"మంచిది. నాలుగు దినాలు దాసిన ముచ్చట నాకు చెప్పినవు, సాలు. ఆడ డబ్బ ముచ్చట చెప్పు. మెల్లగ చెప్పు, ఉరుకకు."

సమావేశంలో చెప్పడానికి ఆరు నిమిషాలు పట్టింది. నరేందర్ సార్ ముఖం ఎర్రబడింది. "పీహెచ్‌డీ చేసెటోనికి గింత తెల్వదా?" అన్నారు అందరి ముందే. "ఇప్పుడు తెలిసింది సార్" అన్నాను. ఎవరో నవ్వారు. ఇన్ని రోజులు నేను భయపడింది ఇంతకేనా అనిపించింది. మరి ఎంతమంది కూర్చుంటున్నారో చెప్పమని ఇంజనీరు అడిగితే నా దగ్గర అంకె లేదు. వారం గడువు తీసుకుని, గద్దెకు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో కూర్చుని, చేత్తో గీతలు పెట్టుకుంటూ లెక్క రాశాను. దాన్ని చూశాక నరేందర్ సారే ప్లాను మళ్లీ గీశారు. ఆటోలు బడి గోడ పక్కకు పోయాయి, మోరీ గద్దెను చుట్టి వంపు తిరిగింది. నా థీసిస్ ఏడాది ఆలస్యమైన మాట నిజం. పరీక్షకులు మాత్రం సెన్సర్ ఎలా తప్పిందో రాసిన అధ్యాయం గురించే ఎక్కువసేపు అడిగారు.

మేడం ఇప్పుడు కొల్లాపూర్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఫోను చేస్తే నా పని సంగతి తర్వాత, ముందు మా ఇంట్లో ఎవరితో ఎవరికి మాటలున్నాయో అడుగుతారు. నేను నా పట్టికల్లో ఒక నియమం పెట్టుకున్నాను. స్వయంగా వెళ్లి చూసి, ఎవరూ లేరని తేలితేనే సున్నా వేస్తాను. చూడనిచోట గడి ఖాళీగా వదిలేస్తాను. అందువల్ల నా పట్టికలు నిండుగా కనిపించవు, ఈ ఖాళీలేంటని ఆఫీసుల్లో అడుగుతుంటారు కూడా.

పోయిన వారం ఊరి చివరి బస్ షెల్టర్ లెక్క వచ్చింది. మధ్యాహ్నం గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. మూడు రోజులు వరసగా వెళ్లి, ఎండలో రెండు నుంచి మూడు దాకా అక్కడే నిలబడ్డాను. బస్సులు ఆగకుండానే పోయాయి. ఎవరూ రాలేదు, నిజంగానే రాలేదు. ల్యాబుకు వచ్చి, ముఖం కడుక్కుని, ఆ మూడు గడుల్లో మూడు సున్నాలు వేశాను.