రంగం ఓడలో కాలిన చుట్ట

మొన్న బిలాస్‌పూర్ స్టేషన్‌లో విశాఖ బండి దిగిన ఒక ముసలామె నా పక్కనుంచి వెళ్తుంటే గుప్పున చుట్ట వాసన కొట్టింది. ఇంత వయసొచ్చినా ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. నడిసముద్రంలో ఓడ, ఓడలో హత్య! అంతా మా పారమ్మ మామ్మ చలవ.

నా చిన్నప్పుడు ఇక్కడి రైల్వే కాలనీలో మామ్మది మా పక్క క్వార్టర్. కొడుకు లోకో షెడ్‌లో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళలాగే అడ్డపొగ పీల్చేది, అంటే చుట్టకి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని. సాయంత్రం ఆమె మెట్ల మీద కూర్చుంటే పిల్లలందరం చుట్టూ మూగేవాళ్ళం. ఆమె అమ్మానాన్నలు కూలికోసం రంగం, అదే రంగూన్, వెళ్ళే ఓడెక్కిన కథ అక్కడే విన్నాను. అప్పటికి మామ్మ ఇంకా తల్లి కడుపులోనే ఉంది. కూలీలను తీసుకెళ్తున్న మేస్త్రీ ఒక తెల్లవారుజామున డెక్కు మీద తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కన ఆరిపోయిన చుట్టముక్క. తన భార్య మీద చెయ్యి వేశాడని మామ్మ తండ్రి ముందురోజే వాడితో తగువు పడ్డాడు. ఇంకేముంది, ఆయన్నే గొలుసులతో కట్టేశారు. రేవు చేరితే పోలీసులు, ఆపైన ఉరి.

"మీ అయ్య సంపనేదని ఎలగ తెల్సింది మామ్మా?" అన్నాను ఊపిరి బిగబట్టి.

"నువ్వే సెప్పొలే గుంటా. ఆ ముక్కకి నిప్పు కొస కాడే పళ్ళగాట్లున్నాయి. రెండో కొస నలగనే నేదు. ఏటి దానర్థం?"

బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. "అచ్ఛా, ఎలక కొరికీసుంటాది!" అన్నాడు మా తమ్ముడు. మామ్మ పగలబడి నవ్వి, చేతిలో చుట్టని తిప్పి నోట్లో పెట్టుకుంది. రోజూ చూసేదే! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. "అడ్డపొగ!" అని ఎగిరి గంతేశాను.

"అదీ! మా అయ్య తిన్నగా కాల్సీవోడు. అందరూ సాచ్చికం సెప్పి ఇడిపించినారు."

"మరి సంపిందెవలు?"

"ఓడ నడిపే దొర ఆడోళ్ళందరికీ తలో సుట్టా ఇచ్చి కాల్సమన్నాడు. అందరూ అడ్డపొగోళ్ళే. ఆ పూట మాత్రం ఒక్కర్తీ నిప్పు నోట్లో ఎట్టనేదు. దగ్గుకుంటా తిన్నగానే కాల్సినారు."

"అంటే వాళ్ళకి తెల్సా? ఎవలు మామ్మా?"

మామ్మ చుట్టని నోట్లోంచి తీసి చూసింది. "నాకీ అలవాటు మాయమ్మ నేర్పిందే" అంది. నాకు కలిగింది భయం కాదు, సంతోషం. ఆ రోజు ఆ ఆడవాళ్ళు అలా దగ్గకపోయి ఉంటే మామ్మే లేదు.

ఇప్పుడు నేను వకీలుని. ఏ కేసు చేతికొచ్చినా, నలుగురూ ఏమన్నా సరే, నిప్పు ఏ కొసన ఉందో ముందు చూస్తాను. కానీ బోనెక్కిన ఆడవాళ్ళంతా ఒకే మాటగా "మాకేటీ తెలీదు" అన్నారనుకోండి, మరో ప్రశ్న వేసేముందు ఒక్క క్షణం ఆగుతాను. వీళ్ళు ఎవరికోసం దగ్గుతున్నారో అని.